ఐదు రోజులు, ఒకే తీరం: విశాఖ నుంచి శ్రీముఖలింగం దాకా

ప్రశ్న: మాది హనుమకొండ. డిసెంబరు చివరి వారంలో ఐదు రోజులు విశాఖపట్నం వైపు వెళ్లాలనుకుంటున్నాం. నేను, మావారు, అత్తమామలు, తొమ్మిదో తరగతి చదివే పాప, ఆరో తరగతి బాబు. పాపకు చరిత్ర ఇష్టం. బాబుకు సముద్రమంటే ప్రాణం. మామయ్యగారు గుళ్లు చూడాలంటారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. ఎవరిని అడిగినా అరకు, బొర్రా గుహలు, కైలాసగిరి అనే మూడు పేర్లే చెబుతున్నారు. అవి చూసి వచ్చేస్తే సరిపోతుందా? సముద్రం ఒడ్డునే చూడదగ్గవి ఇంకేమైనా ఉన్నాయా? పిల్లలను సముద్రస్నానానికి దింపవచ్చా? తిరుగు ప్రయాణానికి రైలు టికెట్లు విశాఖ నుంచే తీసుకోవాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ మొదటి ప్రశ్నకే ముందు సూటిగా జవాబు చెబుతాను. ఈసారికి అరకు వదిలేయండి. అది చూడదగ్గ చోటు కాదని కాదు. డిసెంబరు చివరి వారంలో మంచు చూడాలని జనమంతా అక్కడికే ఎగబడతారు. ఘాట్ రోడ్డు మీద వాహనాలు బారులు తీరుతాయి, గదుల అద్దెలు చుక్కలనంటుతాయి. బొర్రా గుహల్లో దిగడమూ ఎక్కడమూ మెట్ల మీదే. అత్తయ్యగారు పాపం బయట కూర్చోవలసి వస్తుంది. రానూ పోనూ కలిపి మీకున్న ఐదు రోజుల్లో రెండు రోజులు ఆ కొండలకే సరిపోతాయి.

పైగా మీరు అడిగింది సముద్రం ఒడ్డు గురించి. విశాఖ నుంచి ఉత్తరంగా ఒడిశా సరిహద్దు దాకా సాగే ఈ తీరంలో మీ ఇంట్లో అందరికీ కావలసినవి ఉన్నాయి. వేల ఏళ్ల నాటి ఎర్ర ఇసుక దిబ్బలు, బౌద్ధ భిక్షువుల ఆరామాలు, డచ్చివారి సమాధులు, ఒకప్పుడు కళింగను ఏలిన తూర్పు గాంగుల గుళ్లు, చెట్ల నిండా గూళ్లు కట్టుకునే పెద్ద పక్షులు. వీటిలో దాదాపు ప్రతిదాని వెనకా సముద్రమో, సముద్రంలో కలిసే ఒక నదో ఉంది. అయినా యాత్రికుల్లో ఎక్కువమంది భీమిలి దగ్గర వెనక్కి తిరుగుతారు. శ్రీకాకుళం వైపు వెళ్లేవారు తక్కువ. వలసలు, తుపానులు వచ్చినప్పుడే ఆ జిల్లా పేరు వార్తల్లో వినిపిస్తుంది. అక్కడ ఒక రాజ్యానికి రాజధాని ఉండేదని, ఓడలు ఆగే రేవులు ఉండేవని పిల్లలకు చెప్పేవారు లేరు. అందుకే నా సలహా ఇది: రెండు రాత్రులు విశాఖలో ఉండండి, రెండు రాత్రులు శ్రీకాకుళంలో ఉండండి. రోజూ బస మార్చకండి, పెద్దవాళ్లు అలసిపోతారు.

మీకు వరంగల్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది. రాత్రి ఎక్కితే పొద్దుటికి విశాఖలో దిగుతారు. మొదటి రోజు ఎక్కువ పెట్టుకోకండి. భోజనానికి ముందో తర్వాతో సింహాచలం వెళ్లి రండి. కారు ఘాట్ రోడ్డు మీదుగా కొండపైకే వెళుతుంది కాబట్టి అత్తయ్యగారికి పెద్దగా శ్రమ ఉండదు. స్వామివారు ఏడాది పొడుగునా చందనపు పూతలోనే ఉంటారు. నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు మాత్రమే. మామయ్యగారు దర్శనం చేసుకుని, కప్పస్తంభాన్ని కౌగిలించుకునే వరసలో నిలబడినప్పుడు, పాపను గుడి బయటి గోడల దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడి రాతి శిల్పాన్ని బాగా గుర్తుపెట్టుకోమనండి. ఇప్పుడు కనిపించే గుడిలో చాలా భాగం 13వ శతాబ్దపు తూర్పు గాంగుల నాటిది. కోణార్కలో సూర్యదేవాలయం కట్టించిన మొదటి నరసింహదేవుడు ఆ వంశం వాడే. నాలుగో రోజు మీరు శ్రీముఖలింగంలో అదే వంశపు పూర్వులు అంతకు కొన్ని వందల ఏళ్ల ముందు కట్టిన గుళ్లు చూస్తారు. రెండింటినీ పోల్చి చూసే అవకాశం పుస్తకంలో దొరకదు. కళింగ దండయాత్ర కాలంలో శ్రీకృష్ణదేవరాయలు కూడా సింహాచలం వచ్చాడు. 1516 నాటి ఆయన శాసనం ఆ గుడిలోనే ఉంది.

సాయంత్రం బాబు వంతు. రామకృష్ణా బీచ్ ఒడ్డున కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించిన అసలు జలాంతర్గామి ఇది. దాన్ని ఒడ్డుకు లాగి 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. లోపల తొంభై మీటర్ల పొడవున టార్పెడోలు, ఇంజన్లు, ఒకదానిపై ఒకటిగా ఇరుకు పడకలు ఉంటాయి. ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. కాబట్టి అత్తయ్యగారిని లోపలికి తీసుకెళ్లకండి. ఎదురుగానే టీయూ-142 విమానం ఉంది, వారు దాన్ని బయట నుంచి చూడవచ్చు. సోమవారం సెలవు ఉంటుంది కాబట్టి పనివేళలు ముందే కనుక్కోండి. కైలాసగిరి ఎక్కాలని పిల్లలు పట్టుబడితే ఈ సాయంత్రమే ఒక గంట కేటాయించండి. పైనుంచి ఊరు, ఓడరేవు, డాల్ఫిన్ నోస్ కొండ బాగా కనిపిస్తాయి. అంతకు మించి అక్కడ చూడవలసింది లేదు.

రెండో రోజు మాత్రం తెల్లవారుజామునే బయలుదేరండి. ఇది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు. విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే సాగే దారి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంత తక్కువ దూరంలో ఇన్ని కాలాల ఆనవాళ్లు పక్కపక్కనే ఉన్న దారి మన రాష్ట్రాల్లో మరొకటి నాకు తెలియదు. దీనికి రోజంతా ఇవ్వండి.

దారిలో మొదట తొట్లకొండ వస్తుంది. కారు కొండ పైదాకా వెళుతుంది. ఈ ఆరామం బయటపడిన తీరు పాపకు నచ్చుతుంది. 1976లో నౌకాదళం తన స్థావరం కోసం విమానం నుంచి సర్వే చేస్తున్నప్పుడు కొండ మీద శిథిలాలు ఉన్నట్టు తెలిసింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, చైత్యాలు (ప్రార్థనా మందిరాలు), భిక్షువుల గదుల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం రెండు శతాబ్దాల నుంచి, క్రీస్తు తర్వాత రెండు మూడు శతాబ్దాల దాకా ఇక్కడ భిక్షువులు ఉన్నారు. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. తెలుగు నేల మీద సముద్రపు ఒడ్డు కొండపై రోమన్ నాణెం ఎందుకు ఉంటుందని పాపను అడగండి. వెంటనే జవాబు చెప్పేయకండి. స్తూపం దగ్గర నిలబెట్టి సముద్రం వైపు చూడమనండి. కింద తీరమంతా, దూరాన నీటి మీద పోయే ఓడలతో సహా కనిపిస్తుంది. ఆ కాలపు వర్తకులు కూడా ఇదే నీటి మీద వచ్చారు, భిక్షువులకు దానాలు ఇచ్చింది ఎక్కువగా ఆ వర్తక సమాజాలే. ఆలోచించే వయసు పిల్లకు ఆ సంగతి అక్కడ నిలబడితే తనంతట తానే తడుతుంది.

తొట్లకొండలో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది స్తూపం కాదు, నీటి ఏర్పాటు. కొండ మీద వాగు లేదు, ఊట లేదు. పడిన వాన చుక్కను పోనివ్వకుండా బండను తొలిచి పెద్ద పెద్ద తొట్లుగా చేశారు. ఒక తొట్టి అంచున వంగి చూడండి, ఉలి దెబ్బల గాట్లు ఇప్పటికీ తెలుస్తాయి. పక్కనే ఉన్న బావికొండ మీద కూడా ఇలాంటి ఆరామమే ఉంది. అక్కడి తవ్వకాల్లో ఒక పాత్రలో ఎముక ముక్క, బూడిద దొరికాయి. అది బుద్ధుని ధాతువే, అంటే ఆయన శరీర అవశేషమే అని నమ్మేవారు ఉన్నారు. సమయం తక్కువైతే బావికొండను వదిలి తొట్లకొండలోనే నిదానంగా తిరగండి. ఒక ఆరామాన్ని తీరిగ్గా చూస్తే రెండోది ఎలా ఉంటుందో ఊహకు అందుతుంది.

కొండ దిగి రోడ్డు దాటితే మంగమారిపేట. జాలరుల ఊరు. ఇక్కడి ఒడ్డున సముద్రపు అలలు బండను తొలిచి తోరణంలా మిగిల్చాయి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు దాని దగ్గరికి నడిచి వెళ్లవచ్చు, పోటు మీద ఉన్నప్పుడు అలలు దాని కింది నుంచి దూసుకొస్తాయి. పోటు, పాటు వేళలు ఫోనులో చూసుకోవచ్చు కానీ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న వారిని అడిగితే ఇంకా నమ్మకంగా చెబుతారు. ఆ తోరణం పైకి ఎక్కి ఫొటోలు దిగేవాళ్లను చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. అది ఏ క్షణాన ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. అలలు తొలిచినదాన్ని అలలే ఎప్పుడో కూలుస్తాయి, మన పాదాలు ఆ రోజును దగ్గరికి తేకూడదు. పక్కనున్న బండలు నాచుపట్టి జారుతుంటాయి. చెప్పులు జారనివి వేసుకోండి, బాబు చేయి వదలకండి.

ఇక ఎర్రమట్టి దిబ్బలు. అన్ని చోట్లా తొందరపడినా ఇక్కడ మాత్రం తొందరపడకండి. భీమిలికి చేరువలో, రోడ్డుకు పక్కనే ఉంటాయి. చాలామంది కారు ఆపి, సినిమాలో చూసిన చోటని నాలుగు ఫొటోలు తీసుకుని పోతారు. కొంచెం లోపలికి నడవండి. వాన నీరు కోసిన సన్నటి వాగుదారులు మలుపులు తిరుగుతూ వెళతాయి. రెండు పక్కలా తలెత్తి చూడవలసినంత ఎత్తు గోడలు. కొన్ని చోట్ల ముదురు ఎరుపు, కొన్ని చోట్ల నారింజ రంగు, కింది పొరల్లో పసుపు. గోడను చేత్తో రుద్దకుండా, కింద రాలిన ఇసుకను మాత్రం కొంచెం అరచేతిలో పోసుకుని పిల్లలకు చూపించండి. అది మట్టి కాదు, ఇసుక. రేణువు రేణువుకూ ఎరుపు పూత ఉంటుంది.

అంత ఇసుక అక్కడికి ఎలా వచ్చిందో పిల్లలకు ఇలా చెప్పండి. దాదాపు ఇరవై వేల ఏళ్ల కిందట భూమి మీద మంచుయుగం గాఢంగా ఉంది. నీరు మంచుగా గడ్డకట్టి ధ్రువాల దగ్గర పేరుకుపోయింది. సముద్రమట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. అంటే ఇప్పుడు మీరు అలలు చూస్తున్న చోటి నుంచి సముద్రంలోకి చాలా దూరం వెళ్తే గాని ఆనాటి ఒడ్డు రాదు. అలా బయటపడిన ఇసుకను గాలి తోసుకొచ్చి ఇక్కడ దిబ్బలుగా పోసింది. ఈ ఇసుకలో ఇనుము కలిసిన ఖనిజాలున్నాయి. గాలి, తేమ తగిలి పాత ఇనుప గొళ్లేనికి తుప్పు పట్టినట్టు ఆ రేణువులకు ఎర్ర పూత పట్టింది. తర్వాత వానలు దిబ్బలను కోసి ఈ లోయలను చేశాయి. ఈ రకం ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు దక్షిణ తీరంలో, శ్రీలంకలో కూడా ఉన్నాయి. మన దేశంలో కాపాడుకోవలసిన భూవారసత్వ ప్రదేశాల్లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వీటిని చేర్చింది. ఆదిమ మానవులు వాడిన చిన్న రాతి పనిముట్లు కూడా ఇక్కడ దొరికాయి.

ఇంత చెప్పింది ఎందుకంటే ఆ దిబ్బలు బండరాళ్లు కావు. ఇసుక రేణువులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని లేవు. ఒక్క పిల్లవాడు అంచు నుంచి జారుడుబల్ల ఆడితే బుట్టెడు ఇసుక కిందికి వస్తుంది. సెలవు రోజుల్లో వందల మంది అదే పని చేస్తారు. చుట్టుపక్కల నిర్మాణాలు, తవ్వకాలు ఇప్పటికే చాలా భాగాన్ని మింగేశాయి. ఉన్నది పోతే మళ్లీ రావాలంటే మరో మంచుయుగం రావాలి. వాగు అడుగునే నడవండి, గోడలెక్కవద్దని బాబుకు ముందే చెప్పండి. కారణం చెబితే ఆ వయసు పిల్లలు పెద్దవాళ్ల కంటే బాగా వింటారు. ఎండ ముదిరితే లోపల వేడి ఎక్కువ, మంచినీళ్లు పట్టుకెళ్లండి. అత్తయ్యగారికి మొదటి మలుపు దాకా నేల ఇంచుమించు చదునుగానే ఉంటుంది, చేయి పట్టుకుని నడిపించవచ్చు.

మధ్యాహ్నానికి భీమిలి. మన దేశంలో పురపాలక సంఘం ఏర్పడిన తొలి ఊళ్లలో ఇదొకటి, 1861లో ఏర్పడింది. దానికి రెండు వందల ఏళ్ల ముందే డచ్చివారు ఇక్కడ కోట కట్టుకుని బట్టల వ్యాపారం చేశారు. 1825లో ఊరు ఆంగ్లేయుల చేతికి వచ్చింది. డచ్చివారి కోటలో ఇప్పుడు మిగిలింది తక్కువ. కానీ డచ్చివారి శ్మశానం ఉంది. పైకి సన్నబడుతూ వెళ్లే ఎత్తయిన ఇటుక గోరీలు, వాటి మీద రాతి పలకల్లో చెక్కిన డచ్చి అక్షరాలు. సముద్రాలు దాటి వ్యాపారానికి వచ్చి తిరిగి వెళ్లలేనివారు వాళ్లు. పాప ఆ పలకల మీది సంవత్సరాలు చదివి, ఆ సమయంలో గోల్కొండలో ఎవరు పాలిస్తున్నారో చెప్పగలదేమో అడగండి. తెలంగాణ చరిత్రకూ ఈ తీరానికీ లంకె అక్కడే దొరుకుతుంది. ఈ తీరపు బట్టల వ్యాపారానికి అనుమతులు గోల్కొండ సుల్తానుల నుంచే రావలసి ఉండేది.

అరకు వదిలేసినందుకు బొర్రా గుహలు చూడలేదన్న వెలితి మిగిలితే, భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లండి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చే నది ఇదే. ఆ సున్నపురాతిని వేల ఏళ్లు తొలిచిన నీటి దారి ఇక్కడికి వచ్చి ముగుస్తుంది. ఇక్కడి పావురాలకొండ మీద కూడా బౌద్ధ శిథిలాలున్నాయి కానీ ఎక్కాలి. మీవారు, పాప వెళ్లి రావచ్చు, మిగతావారు కింద వేరుసెనగలు, ఉల్లిపాయలు, నిమ్మరసం కలిపిన మరమరాల మిక్చర్ తింటూ ఒడ్డున కూర్చోవచ్చు.

సముద్రస్నానం సంగతి ఇక్కడే చెబుతాను. బంగాళాఖాతం చూడడానికి సాధువుగా ఉంటుంది, కానీ విశాఖ చుట్టుపక్కల ఒడ్డు చాలా చోట్ల ఉన్నట్టుండి లోతవుతుంది. వెనక్కి పోయే నీరు కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. రామకృష్ణా బీచ్‌లోనూ, యారాడలోనూ ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి, వాళ్లలో ఈత వచ్చినవారూ ఉన్నారు. ఆ రెండు చోట్లా స్నానం వద్దు. తప్పనిసరైతే రుషికొండలో, కాపలా సిబ్బంది ఉన్న సమయంలో, వాళ్లు చూపించిన హద్దుల్లో, పెద్దవాళ్ల చేయి పట్టుకుని, మోకాలి లోతు వరకు మాత్రమే. మిగతా అన్ని చోట్లా పాదాలు తడుపుకుంటే చాలు. ఈ విషయంలో బాబు ఎంత ఏడ్చినా మెత్తబడకండి.

మూడో రోజు పొద్దున్నే బస ఖాళీ చేసి శ్రీకాకుళం బయలుదేరండి. జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్ల పైచిలుకు, రెండున్నర గంటలు. సామాను గదిలో పెట్టి, భోజనం చేసి శాలిహుండం వెళ్లండి. వంశధార నది దక్షిణపు గట్టున చిన్న కొండ మీద ఉన్న బౌద్ధ క్షేత్రం ఇది. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చింది ఎవరో తెలుసా? గిడుగు వెంకట రామమూర్తి. ఆగస్టు 29న పాప బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటుందే, ఆ గిడుగే. వ్యావహారిక భాషోద్యమం, సవర భాషకు ఆయన చేసిన సేవ అందరికీ తెలుసు. శాసనాలు చదవడం తనంతట తాను నేర్చుకుని ఈ జిల్లా చరిత్రను తవ్విన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఇక్కడి స్తూపాల్లో రాతి భరిణెల్లో స్ఫటికపు ధాతుపాత్రలు, బంగారు పూలు దొరికాయి. బౌద్ధంలో తర్వాత వచ్చిన మహాయాన, వజ్రయాన శాఖల కాలాల నాటి తార, మారీచి అనే దేవతల విగ్రహాలు కూడా ఉన్నాయి. అంటే తొట్లకొండ నిర్మానుష్యమైపోయిన చాలా కాలం తర్వాత కూడా ఇక్కడ బౌద్ధం బతికే ఉంది. పైకి కొంత నడక ఉంటుంది. అత్తయ్యగారికి కింద ఉన్న ప్రదర్శనశాల సరిపోతుంది.

పొద్దు వాలే లోపు కళింగపట్నం చేరండి, అక్కడికి దగ్గరే. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు పెద్ద రేవు. ఇప్పుడు పాత దీపస్తంభం, జాలరుల పడవలు, విశాలమైన ఇసుక ఒడ్డు. విశాఖలో సెలవుల రద్దీ చూసి వచ్చిన మీకు ఇక్కడ ఊపిరి సలుపుతుంది. చీకటి పడకముందే తిరిగి బయలుదేరండి.

నాలుగో రోజు శ్రీముఖలింగం. ఈ ప్రయాణమంతటిలో ఒక్కచోటే చూడగలిగితే ఏది చూడమంటారని అడిగితే నేను దీని పేరే చెబుతాను. నరసన్నపేట మీదుగా వెళ్లాలి. వంశధార ఒడ్డున పొలాల మధ్య చిన్న పల్లెటూరు. తూర్పు గాంగుల తొలి రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. పూరీ జగన్నాథాలయ నిర్మాణం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగ దేవుడు గద్దెనెక్కింది కళింగనగరంలోనే. తర్వాత రాజధాని కటకం వైపు తరలింది, ఈ ఊరు పల్లెగా మిగిలింది. గిడుగు పుట్టిన పర్వతాలపేట కూడా ఈ పక్కనే.

ఇక్కడ మూడు గుళ్లున్నాయి: మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. మధుకేశ్వరాలయంలో ఇప్పటికీ నిత్యపూజ జరుగుతుంది. ఇప్పచెట్టులో శివుడు ముఖం చూపాడని స్థలపురాణం. గర్భగుడిలో ఒక పెద్ద మట్టి గోలెం ఉంటుంది. దాని గురించి ఒక కుమ్మరి కథ చెబుతారు. ద్వారం కంటే పెద్దదైన గోలెం లోపలికి ఎలా వెళ్లిందో మామయ్యగారు అర్చకులనే అడగాలి, వారి నోట వింటేనే బాగుంటుంది. పాపను మాత్రం ద్వారబంధాల దగ్గర నిలబెట్టండి. రాతి మీద తీగలు సుడులు తిరుగుతూ పైకి పాకుతుంటాయి. ఒక్కో సుడిలో వేలెడంత బొమ్మ, ఒక చోట గణం, ఒక చోట జంతువు, మరో చోట నాట్యం చేసే మనిషి. ఒక పక్క కింద మొదలుపెట్టి పైదాకా బొమ్మలు లెక్కపెట్టమనండి. సగంలోనే లెక్క తప్పుతుంది, మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడు గాని శిల్పి ఓపిక అర్థం కాదు. పొద్దున పూట ఏటవాలు వెలుగులో ఆ చెక్కుడు లోతు బాగా తెలుస్తుంది, మధ్యాహ్నానికి చప్పబడిపోతుంది. కాబట్టి తొమ్మిదింటి లోపు అక్కడ ఉండేలా బయలుదేరండి. సోమేశ్వరాలయం ఒంటరిగా, మండపం లేకుండా శిఖరంతో నిలబడి ఉంటుంది. భువనేశ్వర్ గుళ్లు చూసినవారికి వెంటనే ఆ పోలిక తట్టుతుంది. మెట్ల బాధ పెద్దగా లేని చోటు కాబట్టి అత్తయ్యగారు కూడా అంతా చూడవచ్చు.

అక్కడి నుంచి టెక్కలి దగ్గరి తేలినీలాపురం. శీతాకాలంలో ఈ ఊరి చెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వందల సంఖ్యలో గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో చెబుతారు. ఎక్కడి నుంచి వచ్చినా, పక్కనున్న నౌపడా చిత్తడి నేలలు, నీరు నిలిచే తంపర భూములే వాటికి తిండి పెట్టేవి. ఊరివాళ్లు వాటి రాకను శుభంగా భావిస్తారు, వేటాడనివ్వరు. చూసేందుకు బురుజు కట్టారు. డిసెంబరు చివరికి చాలా గూళ్లలో పిల్లలు ఉంటాయి. తల్లి పక్షి గొంతు సంచిలోకి పిల్ల తల దూర్చి చేప అందుకోవడం కనిపిస్తే బాబు సముద్రాన్ని కూడా మరిచిపోతాడు. గట్టిగా మాట్లాడకండి, టపాకాయలు పేల్చే రోజులైతే ఇంకా జాగ్రత్త. సాయంత్రం తిరిగొస్తూ పలాస జీడిపప్పు కొనుక్కోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అక్కడి రైతు పండించినది కొనడం కూడా ఈ ప్రయాణంలో భాగమే అనుకోండి.

చివరి రోజు అరసవల్లి, శ్రీకూర్మం. అరసవల్లి శ్రీకాకుళాన్ని ఆనుకునే ఉంది. పొద్దున్నే వెళ్లండి, ఆదివారం అయితే రద్దీ చాలా ఎక్కువ. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. మీరు వెళ్లే నెలలో అది కనిపించదు కాబట్టి దానికోసం ఆశపడకండి.

శ్రీకూర్మానికి ఎక్కువ సమయం ఇవ్వండి. విష్ణువు కూర్మరూపంలో పూజలందుకునే గుడి ఇది. మూలమూర్తి పడమటి ముఖంగా ఉండడం, తూర్పున ఒకటి, పడమర ఒకటి రెండు ధ్వజస్తంభాలు ఉండడం ఇక్కడి విశేషం. స్తంభాల మీద శతాబ్దాల శాసనాలున్నాయి. ప్రదక్షిణ మండపం గోడల మీద పాత వర్ణచిత్రాలు కొన్ని చెదిరిపోయి, కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. ఎరుపు, పసుపు, నలుపు గీతల్లో కృష్ణలీలలు, వైష్ణవ కథలు. వీపు ఆనించి కూర్చున్నవారి వల్ల, చేయి పెట్టి చూసినవారి వల్ల కింది భాగం ఎక్కువ పోయింది. మీ పిల్లలకు చేతులు వెనక్కి కట్టుకుని చూడమని చెప్పండి. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. వీపు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. ఇవి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న జీవులు. ఎత్తుకోవద్దు, బయట ఎవరైనా అమ్మజూపితే కొనవద్దు.

అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ గురించి పాప ఎక్కడైనా చదివి అడగవచ్చు. గొప్ప చోటే, కొండనే తొలిచి స్తూపాలు, గుహలు చేశారు. కానీ విశాఖకు ఇవతల, మెట్లతో ఉంటుంది. ఈ ఐదు రోజుల్లో ఇరికించకండి.

ఖర్చు విషయం మీరు అడగలేదు కానీ ఒక మాట. విశాఖ నుంచి ఐదు రోజులకూ ఒకే కారు మాట్లాడుకోకండి. మొదటి రోజు నగరంలో ఆటోలు, క్యాబ్‌లు సరిపోతాయి. రెండో రోజుకు విశాఖలో ఒక కారు, మూడో రోజు శ్రీకాకుళానికి ఆర్టీసీ బస్సు, అక్కడి నుంచి స్థానిక కారు. అక్కడి డ్రైవర్లకు శాలిహుండం, ముఖలింగం దారులు బాగా తెలుసు, తిరుగు కిరాయి భారం కూడా మీ మీద పడదు.

తిరుగు టికెట్లు విశాఖ నుంచి వద్దు. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆముదాలవలసలో ఉంది, పట్టణం నుంచి పదీ పన్నెండు కిలోమీటర్లు. భువనేశ్వర్ నుంచి ముంబయి వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగి, వరంగల్ మీదుగానే పోతుంది. రాత్రి ప్రయాణం, తెల్లారేసరికి ఇంటి దగ్గర ఉంటారు. డిసెంబరు చివరి వారానికి బెర్తులు త్వరగా అయిపోతాయి, రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి ఆ తేదీ ఇప్పుడే క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. అత్తమామల టికెట్లు వృద్ధుల కోటాలో విడిగా తీసుకుంటే కింది బెర్తులు దొరికే అవకాశం ఎక్కువ. కోణార్క్‌లో చోటు లేకపోతే మాత్రమే విశాఖకు వెనక్కి వచ్చి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. అలాగైతే చివరి రోజు అరసవల్లి మానేసి, శ్రీకూర్మం ఒక్కటే చూసుకుని మధ్యాహ్నానికల్లా శ్రీకాకుళం నుంచి బయలుదేరాలి.